ముందు గోక్కున్న మనిషి

మార్చి 9

టీచరు వదినగారికి,

మీ కోడలి తల్లి నమస్కరించి రాస్తున్నాను. కొడుకు ఇంట్లో నెల రోజులుండి మీరు క్షేమంగా మీ ఇల్లు చేరారని మా అమ్మాయి చెప్పింది. ఈ సంగతి ఫోన్లోనే మాట్లాడుకోవచ్చు. కానీ మా ఇంటి గోడలు పలచన, గోడ అవతలే మా చెల్లెలు ఉంది. పైగా ఆ జబ్బు పేరు నోటితో అనడానికి నాకు నాలుక రావడం లేదు. కాగితం మీదైతే నా మొహం మీకు కనపడదు, అదొక సుఖం.

మొన్న మధ్యాహ్నం చెల్లెలు అమ్మాయి ఇంటి నుంచి సంచి పట్టుకుని వచ్చేసింది. మా అమ్మాయి మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పాపను చంక దించని మనిషి, చంక ఖాళీగా గుమ్మంలో నిలబడింది. ఏమైందే అంటే చెప్పదు. చివరికి అమ్మాయే ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. పాప ఒంటి మీద పొక్కులు చూసి డాక్టరు గజ్జి అన్నాడట, ఇంట్లో ఉన్నవాళ్ళంతా మందు రాసుకోవాలన్నాడట. అప్పుడు మీరు అందరి ముందూ, "ముందు గోక్కున్నది ఎవరో అందరం చూశాం కదా" అన్నారట. అందులో తప్పేముంది? చూసిన మాటే అన్నారు. మీరు అక్కడికి వచ్చిన వారంలోనే తను వేళ్ళ సందులు గోక్కోవడం మొదలుపెట్టిందట. ఒకే గదిలో, ఒకే మంచం మీద పడుకునేవారు కాబట్టి మీకు నిద్ర కూడా లేకుండా చేసిందట.

సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినగారూ. పెళ్ళినాటి నుంచి మీరు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. అలాంటి మీ మనవరాలికి మా ఇంటి మనిషి వల్ల ఈ పాడు రోగం అంటుకుంది. మీ దగ్గర దాపరికం ఎందుకు, చిన్నప్పుడు హాస్టల్లో ఉండగా చెల్లెలికి ఇది ఒకసారి వచ్చింది. మా అమ్మ గంధకం మందు పట్టించి తగ్గించింది. ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాటా అది?

ఇక్కడ జాగ్రత్తగానే ఉన్నాను. తనకు వరండాలో మంచం వేశాను. పళ్ళెం, గ్లాసు వేరు చేశాను. బట్టలన్నీ మరిగే నీళ్ళలో వేశాను. లాడ్జిలో దుప్పట్ల గది చూసేది నేనే, ఆ పని నాకు కొత్త కాదు. డాక్టరు రాసిన మందు కూడా రాయిస్తున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. దీన్ని మనసులో పెట్టుకుని మా అమ్మాయిని ఏమీ అనకండి. చెల్లెలిని మళ్ళీ పాప దగ్గరికి ఎప్పుడు రానిస్తారని ఇప్పుడే అడగడం నాకే బాగాలేదు. కానీ పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, మా అమ్మాయినీ సగం తనే పెంచింది, ఇప్పుడు పాప తప్ప తనకు లోకం లేదు.

తలదించుకుని,
మీ కోడలి తల్లి


మార్చి 17

వదినగారికి,

మీ అల్లుడి తల్లి రాస్తున్న జవాబు. ఇందులో తలదించుకోవడానికి ఏముంది చెప్పండి? జబ్బుకు కులగోత్రాలు ఉండవు. నేను ఏటా ఎనిమిదో తరగతికి చర్మం పాఠం చెప్పినదాన్ని. రంగు సుద్దలతో నల్లబల్ల మీద పొరలు గీసేదాన్ని. పైన పలచటి బాహ్యచర్మం, కింద మందంగా అంతశ్చర్మం, అందులో చెమట గ్రంథులు, నూనె గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు, చలీ వేడీ నొప్పీ తెలిపే నరాల కొసలు, ఆ అడుగున కొవ్వు. ఒంట్లో అన్నిటికంటే పెద్ద అవయవం ఏదిరా అంటే ఒకడు గుండె అనేవాడు, ఒకడు కాలేయం అనేవాడు, చర్మమని ఒక్క వెధవా అనేవాడు కాదు. కళ్ళెదుట ఉన్నదాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

మొటిమలు, తామర, బొల్లి, సోరియాసిస్ అన్నీ చెప్పేదాన్ని. బొల్లి అంటుకోదర్రా అని మొత్తుకునేదాన్ని. ఒక పిల్ల పక్కన కూర్చోనన్న వాళ్ళను బెంచీ ఎక్కించాను కూడా. గజ్జి దగ్గరికి వచ్చేసరికి మాత్రం క్లాసంతా కిసుక్కుమనేది. నేనూ గబగబా దాటేసేదాన్ని.

చిన్నప్పుడు ఒకసారి వచ్చిందని రాశారు చూశారా, కిటుకంతా అక్కడే ఉంది. ఒకసారి చొరబడ్డ ఒంట్లో అది ఎక్కడో మూల నక్కి ఉంటుంది, సందు దొరికినప్పుడు బయటికి వస్తుంది. పాపం, ఆవిడ తప్పు కాదు. అందుకే ఓ ఏడాది పోనివ్వండి, పాప కాస్త పెద్దదవుతుంది. ఈలోగా ఆవిడకు పనికొస్తాయని మందు సబ్బులు పార్శిల్లో పంపుతున్నాను.

మా అబ్బాయి నన్నూ మందు రాసుకోమని ఫోన్లో ఒకటే పోరు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అన్నాను. రెండు పూటలా స్నానం చేసే ఒళ్ళు నాది. కాస్త మణికట్ల దగ్గర చిమచిమలాడుతోంది, అది వయసుతో వచ్చే పొడిదనం. నూనె గ్రంథులు ముసలివైతే అంతే.

ఇక్కడ నా దినచర్య మామూలే. వారానికోసారి వృద్ధుల ఇంటికి వెళ్ళి మా లెక్కల టీచరమ్మను చూసి వస్తున్నాను. ఒకప్పుడు సుద్దముక్క విసిరితే గురి తప్పని చెయ్యి అది. ఇప్పుడు అరచేతులు బెరడు కట్టి పొట్టు రాలుతున్నాయి. పొడి చర్మమేనని అక్కడివాళ్ళు అంటున్నారు. ఆ చేతులు నా ఒళ్ళో పెట్టుకుని క్రీము రాస్తే ఆవిడ కళ్ళు మూసుకుంటుంది. చూడటానికి వచ్చే చుట్టాలు చాలామంది ఆమడ దూరంలో కూర్చుంటారు. మనిషిని ముట్టుకోవడానికి ఇంత భయమెందుకో నాకు అర్థం కాదు.

ధైర్యంగా ఉండండి.

మీ అల్లుడి తల్లి


మార్చి 27

టీచరు వదినగారికి,

సబ్బులు అందాయి. మా ఇంట్లో సబ్బు ఉంటుంది వదినగారూ. నా బతుకే సబ్బుతో. అయినా మీరు అభిమానంతో పంపారు, దాచిపెట్టాను.

ఓ ఏడాది అన్నారు. ఆ ముక్క చెల్లెలికి చదివి వినిపించలేకపోయాను, కాస్త ఆలస్యమవుతుందని సర్దిచెప్పాను. అది పిచ్చిది కాదు, నా మొహం చూసి గ్రహించింది. అప్పటి నుంచి నాతో మాట కూడా తక్కువ చేసింది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే చేతులు కొంగులో దాచుకుని చూస్తూ కూర్చుంటుంది.

మీరు రాసిన ఇంకో మాట నా బుర్రలోంచి పోవడం లేదు. లోపల ఎక్కడో నక్కి ఉంటుందన్నారు కదా. డాక్టరు మందు రెండు సార్లు రాశాం, పొక్కులు మాడిపోయాయి. కానీ నక్కినదాని సంగతేమిటి? అందుకని నేనూ నా వైద్యం కాస్త చేస్తున్నాను. మరకలు పోగొట్టడం నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

అక్కడ అమ్మాయి అవస్థ చెప్పలేను. పిల్లలను చూసుకునే చోట పాపను వదిలి వెళుతోంది. వదలగానే పాప ఆరున్నొక్క రాగం అందుకుని, అమ్మాయి తిరిగొచ్చేదాకా దిగులుగా ఉంటోందట. పిన్నిని పిలిపించుకుందామని అమ్మాయి అంటే మీ అబ్బాయి మాట్లాడడట, అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాడట. నేను ఫోన్ చేసినా ఎత్తడం లేదు. నా మీద కోపమని తెలుస్తూనే ఉంది. మీరు ఒక్క మాట అంటే అతను కాదనడు. ఏడాది కాదు, ఎండలు తగ్గేదాకా అనండి, పడి ఉంటాం.

మీ దయ,
మీ కోడలి తల్లి


ఏప్రిల్ 12

వదినగారికి,

సబ్బుల విషయంలో మీరు నొచ్చుకున్నట్టున్నారు. మీ ఇంట్లో సబ్బు లేదని నేను ఎందుకనుకుంటాను? అవి మామూలు సబ్బులు కావు, ఖరీదైనవి. సరే, మనలో మనకు ఇది ఎందుకు.

ముఖ్యమైన సంగతికి వస్తాను. క్రితం వారం సెలవు కలిసొచ్చి అబ్బాయి, కోడలు, పాప ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. పాప మందుతో శుభ్రంగా తేలింది, బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. ఉన్నన్ని రోజులూ నా పక్కలోనే పడుకుంది. మెడ చుట్టూ చేతులేసి నిద్రపోయే పిల్లను ఎవరు దించుతారు? అమ్మాయి చిక్కిపోయింది. అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. మీ మీద కోపమని కాదు, వాడు చిన్నప్పటి నుంచి అంతే, బెల్లం కొట్టిన రాయి.

వాళ్ళు తిరిగి వెళ్ళీ వెళ్ళగానే పాపకు మళ్ళీ వచ్చింది. అరికాళ్ళు, చంకలు, అంతా. ఆ ఫోన్ విన్నప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. పసిదాని చర్మం పెద్దవాళ్ళ చర్మంలా గట్టిది కాదు, గోక్కుంటే చితికి చీము పడుతుంది.

అడగక తప్పక అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ చెల్లెలు ఈ మధ్య పాపను చూడటానికి వెళ్ళిందా? పిల్లలను చూసుకునే చోటికి వెళ్ళి ఎత్తుకుని వచ్చి ఉండవచ్చు. ప్రేమ కొద్దీ చేసిన పనే అయి ఉంటుంది, కాదనను. మీ అమ్మాయికి తెలిసీ దాస్తోందేమో కూడా. నా దగ్గర దాచకండి. పాప ఒంటి కంటే మన మొహమాటాలు ఎక్కువ కాదు.

నాకూ ఈ ఎండలకు ఒళ్ళంతా దురదగా ఉంటోంది. ముసలి ఒళ్ళు.

మీ అల్లుడి తల్లి


ఏప్రిల్ 18

టీచరు వదినగారికి,

మా చెల్లెలు ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళే స్థితిలో లేదు.

నా వైద్యం అని రాశాను గుర్తుందా? లాడ్జిలో దుప్పట్లు తెల్లబరిచే మందు సీసాలో పోసుకుని తెచ్చాను. బకెట్లో కలిపి, రోజూ చేతులు మోచేతుల దాకా ముంచమన్నాను. మండుతోందక్కా అంది. మండితేనే పోతుందన్నాను. నోరు మూసుకుని ముంచింది. అలా కొన్నాళ్ళకు చర్మం ఎర్రబడి, పగిలి, తొక్కలు తొక్కలుగా ఊడి వచ్చింది. అప్పుడు చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. గజ్జి ఎప్పుడో పోయింది, ఈ చేతులు కాల్చింది నువ్వు అంది. ఇప్పుడు రెండు చేతులకూ కట్లు. అన్నం నేనే కలిపి పెడుతున్నాను. నా చేతి ముద్ద తినేటప్పుడు అది నా వంక చూడదు.

లోపలికి వచ్చి పడుకోమని బతిమాలుతున్నాను. ఇక్కడ గాలి బాగుంది అంటుంది.

ఇంతే సంగతులు. ఒక్క ప్రశ్న మాత్రం మిమ్మల్ని అడగమని ఎవరూ చెప్పలేదు, నేనే అడుగుతున్నాను. మా చెల్లెలు ఇక్కడ వరండాలో ఉంది. పాప మీ పక్కలో పడుకుంది. మరి పాపకు మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చింది?

మీ కోడలి తల్లి


ఏప్రిల్ 28

వదినగారికి,

మీ ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది. నన్నంత మాట అంటుందా అనుకున్నాను. తిడుతూ ఒక జవాబు రాసి చింపేశాను. మీ ప్రశ్నకు నా దగ్గర వేరే జవాబు లేదు, అందుకే కోపం వచ్చింది.

మర్నాడు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎంత ఎండగా ఉన్నా చేతులు మూసే రవిక తొడుక్కుని, తెలిసినవాళ్ళు లేని వీధి చూసుకుని వెళ్ళాను. పేరు రాసుకునే అమ్మాయి ఏమిటి జబ్బు అంటే బంధువుల కోసం సలహాకు వచ్చానని చెప్పాను. దొంగకు తేలు కుట్టినట్టు గోక్కోకుండా ఆ బల్ల మీద కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

డాక్టరు నా వేళ్ళు విడదీసి చూశాడు. ఒక్క నిమిషం పట్టలేదు. భూతద్దం నా చేతికిచ్చి మీరే చూడండి అన్నాడు. చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ సన్నటి బూడిద రంగు గీత, పెన్సిలుతో వంకరగా గీసినట్టు. దాని కొసన ఒక చుక్క. ఆ చుక్కే పురుగు, ఆ గీత అది తవ్వుకున్న దారి. చర్మంలో అన్నిటికంటే పై పొరలో తవ్వుకుంటుందట. వదినగారూ, ఆ పొరను నేను బల్ల మీద ఒక్క తెల్లగీతగా గీసి, ఇది చచ్చిన కణాల పొర, ఇందులో ఏమీ ఉండదు అని చెప్పి కిందికి వెళ్ళిపోయేదాన్ని.

ఎప్పటి నుంచి దురద అని అడిగాడు. చెప్పాను. ముందు ఎవరు గోక్కున్నారు అన్నాడు. మీ చెల్లెలి సంగతి చెప్పి, ఆవిడకు చిన్నప్పుడే ఒకసారి వచ్చిందండీ, కాబట్టి ఆవిడే తెచ్చింది అన్నాను. అప్పుడాయన ఈ మాట అన్నాడు:

"చిన్నప్పుడు వచ్చింది కాబట్టే ఆమె ముందు గోక్కుందమ్మా. పురుగు కరిస్తే దురద రాదు, దాన్ని ఒళ్ళు గుర్తుపడితే వస్తుంది. కొత్త ఒంటికి గుర్తుపట్టడానికి నెల, నెలన్నర పడుతుంది. తెలిసిన ఒళ్ళు రెండు మూడు రోజుల్లో పట్టేస్తుంది. ఆమె పక్కన అప్పటికే ఉండి, ఇంకా గోక్కోని మనిషి ఎవరు?"

నేనే. ఇంకెవరున్నారు? పిల్లల దగ్గరికి వెళ్ళకముందు వారం వారం ఎవరి చేతులు ఒళ్ళో పెట్టుకున్నానో చెప్పాను. ఆయన వెంటనే వృద్ధుల ఇంటికి ఫోన్ చేశాడు. పరీక్షిస్తే మా లెక్కల టీచరమ్మ చేతుల మీద ఉన్నది పొడి చర్మం కాదు, ముదిరిన గజ్జి అని తేలింది. బలహీనమైన ఒంట్లో అది దురద కూడా లేకుండా బెరడు కడుతుందట. ఆవిడకు మందు మొదలుపెట్టారు. ఆవిడను తప్పుపట్టడానికి నాకు నోరు లేదు, ఆవిడకే తెలియదు.

నాకు తెలియదా? అబ్బాయి మందు రాసుకోమన్నాడు, నేను రాసుకోలేదు. మణికట్లు గోక్కుంటూనే మీకు ఉత్తరం రాశాను. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు, నేను కనీసం కిందికి వంగి చూడలేదు. లోపల నక్కి ఉంటుంది అని నేను రాసింది ఏ పుస్తకంలోనూ లేదు. నోటికొచ్చింది రాశాను, టీచరు రాసింది కదా అని మీరు నమ్మారు, ఆవిడ చేతులు కాలాయి.

మందు తెచ్చుకుని మెడ నుంచి అరికాళ్ళ దాకా, నాకు అందినంత మేరా రాసుకున్నాను. వారం పది రోజులకు మళ్ళీ రాసుకోవాలి.

ఒక్క ప్రార్థన. పిల్లలకు మాత్రం ఇది తెలియనివ్వకండి. పిల్లలను చూసుకునే చోట అంటుకుందని చెబుదాం, అందరూ నమ్ముతారు. మీ చెల్లెలిని పిలిపించమని అబ్బాయితో నేనే చెబుతాను. వాడి ముందు, ముఖ్యంగా కోడలి ముందు, గజ్జి తెచ్చిన అత్తగారిగా నిలబడలేను. ఆవిడకు నా క్షమాపణ మీరు చెప్పండి. ఎన్ని మాటల్లో చెప్పినా సరే.

మీ అల్లుడి తల్లి


మే 5

టీచరు వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు నాలో నేను చదువుకుని, మూడోసారి చెల్లెలికి గట్టిగా చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. ప్రార్థన కూడా చదివాను.

ముందు నా సంగతి చెబుతాను. మిమ్మల్ని తిట్టుకోవాలని చూశాను, నా వల్ల కాలేదు. మీరు దూరాన ఉండి ఒక మాట అన్నారు. పళ్ళెం వేరు చేసింది నేను. బకెట్ తెచ్చింది నేను. తోడబుట్టినదాన్ని, దాని శుభ్రం ఎలాంటిదో తెలిసినదాన్ని, ఒక్కసారి నువ్వు కాదేమోనే అని అడగలేదు. పెద్దింటి వియ్యపురాలి దగ్గర తలెత్తుకోవాలని దాని తల వంచాను. మీరు చేసిన తప్పు మీకు తెలియకుండా చేశారు. నేను చూస్తూ చేశాను. ఈ మాట దానికీ చెప్పాను. అది విని, పోనీలే అక్కా అనలేదు. అంటుందని ఆశపడ్డాను.

మీ ఉత్తరం విన్నాక అది రెండు మాటలంది. మొదటిది, "నన్ను అందరి ముందు అంది. కాదన్న మాట కూడా అక్కడే, ఆ గదిలోనే, వాళ్ళందరి ముందే అనాలి. చాటుగా చెప్పే క్షమాపణ నాకెందుకు?" నేను మధ్యలో కలగజేసుకోబోతే చేత్తో ఆపింది.

రెండోది మీకు వింతగా ఉంటుంది. అందినంత మేరా రాసుకుంటే వీపుకెవరు రాశారని అడిగింది. ఒక్కరే ఉంటారు కదా, ఎవరూ రాసి ఉండరు అన్నాను. అయితే వీపు మీద వేలెడు చోటు వదిలినా మళ్ళీ పాపకే వస్తుందంది. అందుకని రెండోసారి మందు తనే వచ్చి రాస్తానంటోంది. మీ మీద జాలి పడిందనుకోకండి. పాప కోసం.

కట్లు విప్పారు. కొత్త చర్మం గులాబీ రంగులో, ఉల్లిపొరలా ఉంది. చేతి తొడుగులు వేసుకుని పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పింది. వచ్చే ఆదివారం పొద్దున్నే మీ దగ్గరికి వస్తుంది. అక్కణ్ణుంచి మీరిద్దరూ కలిసి పిల్లల దగ్గరికి వెళ్ళాలని దాని ఉద్దేశం. వెళ్ళనంటే ముందే రాయండి.

మీ కోడలి తల్లి


మే 15

వదినగారికి,

వెళ్ళనని రాయడానికి కాగితం తీసిన మాట నిజం. రాయలేదు.

మీ చెల్లెలు చెప్పిన వేళకు వచ్చింది. నేను టిఫిన్ అంటే తిని వచ్చానంది. కుర్చీ చూపిస్తే మందెక్కడ అంది. నెల రోజులు ఒకే మంచం మీద పడుకున్న మనిషి ముందు వీపు చూపించడానికి నాకు చెమటలు పట్టాయి. గోళ్ళ గీతలూ పొక్కులూ నిండిన ముసలి వీపు. ఆవిడ తొడుగులు వేసుకుని, మెడ వెనక నుంచి మొదలుపెట్టి, దుప్పటి అంచులు సర్దినంత ఓపికగా రాసింది. మధ్యలో తొడుగు రాపిడికి చెయ్యి మండి ఆగింది. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను కాబట్టి ధైర్యం చేసి, తప్పయిపోయిందమ్మా అన్నాను. కదలకండి, అంది.

ఆ చేతులు చూశాను. కొత్త చర్మం కింది నుంచి ఎలా పుట్టుకొస్తుందో, ఎన్ని వారాలకు గట్టిపడుతుందో చెప్పబోయి నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి నాకు తెలిసిన పాఠం చెప్పకుండా ఊరుకున్నాను.

మర్నాడు మందు కడుక్కుని, ఉతికిన బట్టలతో ఇద్దరం బయలుదేరాం. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది, నేను ముందు సీట్లో కూర్చున్నాను. అబ్బాయి తలుపు తీశాడు. వెనకాల పాపను ఎత్తుకుని మీ అమ్మాయి. ఇద్దరినీ కలిపి చూసి వాళ్ళు ఆశ్చర్యపోయారు. లోపలికి వెళ్ళి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పవచ్చు అని దారి పొడుగునా అనుకున్నాను. కూర్చుంటే చెప్పనని నాకే అనుమానం వచ్చి, గుమ్మం బయటే చెప్పేశాను. పాపకు గజ్జి తెచ్చింది నేను, రెండుసార్లూ నేనే, పిన్నికి కూడా నా నుంచే అంటుకుంది, డాక్టరు మాట వినకుండా మందు రాసుకోనిది నేను అని. ఎదురింటి వాళ్ళ తలుపు తెరిచే ఉంది. వాళ్ళూ విన్నారు.

అబ్బాయి నా వంక చూడలేదు. మీరు అనుకున్నట్టు వాడికి మీ మీద కోపం లేదు వదినగారూ. పిన్నిని చూసి, "ఆ రోజు నేను అక్కడే ఉండి కూడా నోరు విప్పలేదు. మీ అక్క ఫోన్ ఎత్తడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. బెల్లం కొట్టిన రాయి అన్నాను నేను వాడిని. లోపల ఇంత పెట్టుకుని ఉన్నాడు.

అప్పుడు పాప పిన్నిని గుర్తుపట్టింది. రెండు చేతులూ చాపి తల్లి చంకలోంచి దూకబోయింది. పిన్ని కూడా చేతులు చాపింది, చాపి, సగంలో ఆపేసింది. ఆ చేతులు వెనక్కి తీసుకుని, కొంగుకు తుడుచుకుని, మీ అమ్మాయిని అడిగింది.

"ఎత్తుకోనా?"

మీ అమ్మాయిని పెంచి, మీ అమ్మాయి కూతురిని పెంచిన మనిషి ఆ మాట అడిగింది. ఆ ప్రశ్న ఆవిడకు నేర్పింది ఎవరో మాకందరికీ తెలుసు. మీ అమ్మాయి పాపను ఆవిడ చేతుల్లో పెట్టేసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాప ఆ కొత్త చర్మం మీద బుగ్గ ఆనించి ఏదో చెబుతోంది. పిన్ని మెడ ఎత్తి పైకప్పు చూస్తోంది.

అబ్బాయి లోపలికి రామ్మా అన్నాడు. వస్తాను, మీరు పదండి అన్నాను. అందరూ లోపలికి వెళ్ళాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. చెప్పులు విప్పడానికి ధైర్యం చాలలేదు.

సిగ్గుతో,
మీ అల్లుడి తల్లి